హన్మకొండ నుంచి దుబాయ్: దూరం ఎంత, ఇల్లు దాటినప్పటి నుంచి ఎన్ని గంటలు పడుతుంది?

నయీంనగర్_చిన్నది · రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా అక్క దుబాయ్‌లో ఉంటుంది. ఇప్పుడు ఏడో నెల. జనవరి రెండో వారంలో అమ్మానాన్నలను పంపిస్తున్నాం, మార్చిలో తిరిగొస్తారు. ఇద్దరూ విమానం ఎక్కడం ఇదే మొదటిసారి. అమ్మకు షుగర్, నాన్నకు మోకాళ్ల నొప్పులు.

టికెట్ మీద వెళ్లేటప్పుడు షంషాబాద్‌లో ఉదయం 10:20కి బయలుదేరి దుబాయ్‌లో మధ్యాహ్నం 12:55కి దిగుతుందని ఉంది. పక్కన 4 గంటల 5 నిమిషాలు అని రాశారు. వచ్చేటప్పుడు అక్కడ రాత్రి 9:40కి బయలుదేరి ఇక్కడ 2:35కి దిగుతుంది. పక్కన 3 గంటల 25 నిమిషాలు. నాన్న పొద్దున్నుంచి కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. పోయేటప్పుడు రెండున్నర గంటలే అవుతుంది, వచ్చేటప్పుడు దాదాపు ఐదు గంటలు అవుతుంది, పక్కన రాసినదానికి పొంతనే లేదు, టికెట్ తప్పు పడిందేమో అని టెన్షన్ పడుతున్నాడు.

అసలు దూరం ఎంత? పోవడానికీ రావడానికీ 40 నిమిషాల తేడా ఎందుకు? ఇంట్లోంచి ఎప్పుడు బయలుదేరాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

జగిత్యాల_గల్ఫన్న · రాత్రి 9:31

చెల్లె, టికెట్ తప్పు లేదు. నాన్నను నిమ్మళంగా ఉండమను.

టికెట్ మీద బయలుదేరే టైం ఇక్కడి గడియారం ప్రకారం ఉంటుంది, దిగే టైం అక్కడి గడియారం ప్రకారం ఉంటుంది. దుబాయ్ మనకంటే గంటన్నర వెనుక. అక్కడ 12:55 అయినప్పుడు మన హన్మకొండలో 2:25. ఇప్పుడు 10:20 నుంచి లెక్కపెట్టుకో, సరిగ్గా 4 గంటల 5 నిమిషాలు వస్తుంది. వచ్చేటప్పుడు కూడా అంతే. అక్కడ 9:40 అంటే మన దగ్గర రాత్రి 11:10. అక్కడి నుంచి 2:35కి 3 గంటల 25 నిమిషాలు.

యూఏఈ, ఒమన్ రెండూ గంటన్నర వెనుక. సౌదీ, కువైట్, ఖతార్, బహ్రెయిన్ అయితే రెండున్నర గంటలు వెనుక. కువైట్ నుంచి రాత్రి 10కి ఎక్కినవాడు తెల్లారి 5కి దిగితే ఇంట్లోవాళ్లు ఏడు గంటల ప్రయాణం అనుకుంటారు. నిజానికి నాలుగున్నరే.

ఇంకొక్క మాట, ఇది చదివే అందరికీ. గల్ఫ్ విమానాలు చాలామటుకు అర్ధరాత్రి దాటాక ఉంటాయి. టికెట్ మీద 14వ తేదీ 1:30 అని ఉంటే 13వ తేదీ రాత్రి భోజనం చేసి ఎయిర్‌పోర్ట్‌కు పోవాలి. 14వ తేదీ రాత్రి పోతే విమానం పోయి ఇరవై గంటలు దాటి ఉంటుంది. మా మండలంలో ఇలా టికెట్ డబ్బులు పోగొట్టుకున్న కుటుంబాలు ఉన్నాయి. తేదీని ఇంట్లో ఇద్దరు ముగ్గురు చదివి చూసుకోండి.

పరకాల_లెక్కల_సారు · రాత్రి 9:58

అమ్మా, నాన్నగారు కాగితం మీద వేసి చూడటం మంచి అలవాటు. ఆయన కోసమే కొంచెం వివరంగా రాస్తున్నాను.

షంషాబాద్ నుంచి దుబాయ్ విమానాశ్రయానికి భూగోళం మీద అతి దగ్గరి దారి సుమారు 2,550 కిలోమీటర్లు. హన్మకొండ నుంచే తిన్నగా కొలిస్తే 2,630 దాకా వస్తుంది. నెట్‌లో ఊరి పేరు కొట్టగానే చూపించేది ఈ గీత దూరమే. విమానం దానిమీదే గీసినట్టు పోదు. ఆకాశంలోనూ నిర్ణయించిన దారులు ఉంటాయి, రన్‌వే ఏ దిక్కుకు ఉంటే ఆ దిక్కుకు లేచి మలుపు తీసుకోవాలి. అందుకని తిరిగే దూరం ఇంకొంచెం ఎక్కువ.

దారి ఎటు పోతుందో కూడా చెప్పండి నాన్నగారికి. షంషాబాద్ నుంచి పడమర వైపు, కొద్దిగా ఉత్తరానికి ఒరిగి, మహారాష్ట్ర మీదుగా ముంబైకి కాస్త ఎగువన అరేబియా సముద్రంలోకి దిగుతుంది. సౌరాష్ట్ర తీరం కుడిచేతి వైపు ఉంటుంది. ఆ తర్వాత చాలాసేపు నీళ్లే. చివర్లో ఒమన్ తీరం, కొండలు, ఆపైన దుబాయ్. పగటి విమానం కాబట్టి కిటికీ సీటు దొరికితే ఇవన్నీ చూడొచ్చు.

ఆ గంటన్నర కూడా ఊరికే పెట్టింది కాదు. భూమి 360 డిగ్రీలు తిరగడానికి 24 గంటలు. అంటే ఒక్కో డిగ్రీకి 4 నిమిషాలు. మన దేశపు గడియారం 82.5 డిగ్రీల రేఖాంశం మీద నడుస్తుంది, కాకినాడ దగ్గరగా పోయే గీత అది. దుబాయ్ గడియారం 60 డిగ్రీల మీద నడుస్తుంది. తేడా 22.5 డిగ్రీలు. నాలుగుతో గుణిస్తే 90 నిమిషాలు. హైదరాబాద్‌కూ దుబాయ్‌కూ నిజమైన రేఖాంశాల తేడా కూడా 23 డిగ్రీలే, అంటే 92 నిమిషాలు. సూర్యుడి లెక్క, గడియారం లెక్క ఇంత దగ్గరగా కలవడం అన్ని ఊళ్ల మధ్యా ఉండదు.

నయీంనగర్_చిన్నది · రాత్రి 10:07

సార్, మీరు రాసింది నాన్నకు చదివి వినిపించాను. గడియారం సంగతి అర్థమైంది, టికెట్ సరిగ్గానే ఉందని ఒప్పుకున్నాడు. ఇప్పుడు కొత్త ప్రశ్న వేశాడు. దూరం అదే, విమానం అదే. మరి పోయేటప్పుడు 40 నిమిషాలు ఎక్కువ ఎందుకు?

మంచిర్యాల_డిగ్రీ · రాత్రి 10:15

నాకు తెలిసి భూమి తిరగడం వల్ల అక్కా. కానీ భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది కదా. ఆ లెక్కన దుబాయే మన విమానం వైపు రావాలి, పోయేటప్పుడే తక్కువ టైం పట్టాలి. ఇక్కడ ఉల్టా ఉంది. సార్ చెప్పాలి.

పరకాల_లెక్కల_సారు · రాత్రి 10:44

బాబూ, నీ సందేహం మంచిది, ఈ ప్రశ్న క్లాసులో ఎప్పుడూ వచ్చేదే. భూమి తిరుగుతోందన్నది నిజం. మన హైదరాబాద్ ఉన్నచోట నేల గంటకు దాదాపు 1,600 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు కదులుతోంది. విమానం వేగం అందులో సగమే. నువ్వన్నట్టే అయితే విమానం నడపనే అక్కర్లేదు. హెలికాప్టర్‌లో పైకి లేచి గంటన్నర ఒకేచోట నిలబడితే దుబాయ్ వచ్చి కాళ్ల కిందికి చేరాలి. అలా జరగదు. నేలతోపాటు దాని మీది గాలి కూడా తిరుగుతోంది. విమానం ఆ గాలిలో ఉంది. ఆగి ఉన్నప్పుడే దానికి ఆ వేగం ఉంది.

అసలు కారణం పైగాలి. విమానాలు ఎగిరే పది, పదకొండు కిలోమీటర్ల ఎత్తులో చలికాలమంతా ఉత్తర భారతం మీదుగా పడమర నుంచి తూర్పుకు బలమైన గాలి ప్రవహిస్తూ ఉంటుంది. దీన్ని ఉపోష్ణ జెట్ ప్రవాహం అంటారు. దాని నడిమధ్యలో వేగం గంటకు 200 కిలోమీటర్లు కూడా దాటుతుంది. మన దారి ఆ నడిమధ్యలోంచి పోదు కానీ దాని దక్షిణపు అంచు తగులుతుంది.

కాళేశ్వరం దగ్గర గోదావరిలో పడవ ఎగువకు పోవడానికీ దిగువకు రావడానికీ ఎంత తేడా ఉంటుందో చూశారు కదా. ఇదీ అంతే. తెడ్డు బలం ఒకటే, నీళ్లు మోసుకుపోయే దిక్కు వేరు.

ఇప్పుడు నాన్నగారి కాగితం మీద వేద్దాం. విమానం గాలిలో గంటకు 830 కిలోమీటర్లు పోతుందనుకుందాం. ఎదురుగాలి 100 అనుకుందాం. నేల మీద దాని వేగం 730. 2,550ని 730తో భాగిస్తే మూడున్నర గంటలు. తిరిగి వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తుంది, వేగం 930. అప్పుడు రెండు గంటల ముప్పావు. తేడా 45 నిమిషాలు. మీ టికెట్ మీద ఉన్నదానికి దాదాపు సరిపోయింది.

ఇంకో చిన్న విషయం, లెక్కలంటే ఇష్టం ఉన్నవాళ్లకు. గాలే లేకపోతే పోవడానికి 3 గంటల 4 నిమిషాలు, రావడానికి 3 గంటల 4 నిమిషాలు, మొత్తం 6 గంటల 8 నిమిషాలు. గాలి ఉంటే మూడున్నర, రెండుంముప్పావు కలిపి 6 గంటల 15 నిమిషాలు. పోయేటప్పుడు పోగొట్టుకున్నది వచ్చేటప్పుడు పూర్తిగా తిరిగి రాదు. ఎందుకంటే ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం, వెనుకగాలిలో తక్కువసేపు ఉంటాం.

మంచిర్యాల_డిగ్రీ · రాత్రి 10:52

సూపర్ సార్. ఆ 6 గంటల 15 నిమిషాల సంగతి మొదటిసారి విన్నా. మరి టికెట్ మీద 4:05 ఉంది, మీ లెక్కలో మూడున్నరే వచ్చింది. మిగతా 35 నిమిషాలు ఎక్కడ పోయాయి?

షంషాబాద్_డ్యూటీ · రాత్రి 11:20

నైట్ డ్యూటీలో ఉన్నా, ఇది నేను చెప్తా. మాది విమానం నేల మీద ఉన్నప్పుడు చేసే పని.

టికెట్ మీద రాసేది గాలిలో ఉండే టైం కాదు తమ్మీ. విమానం చక్రాల కింద అడ్డంగా పెట్టిన చాక్‌లు తీసి వెనక్కి జరిపినప్పటి నుంచి, అక్కడ గేటు దగ్గర మళ్లీ చాక్‌లు పెట్టేదాకా లెక్క. దీన్ని బ్లాక్ టైం అంటాం. వెనక్కి తోయాలి, ఇంజన్లు స్టార్ట్ చేయాలి, రన్‌వే దాకా మెల్లగా పోవాలి, ముందున్న విమానాలు లేచేదాకా ఆగాలి. పైకెక్కేటప్పుడు, దిగేటప్పుడు 830 వేగం ఉండదు. దుబాయ్ చాలా రద్దీగా ఉండే ఎయిర్‌పోర్ట్ కాబట్టి కొన్నిసార్లు దిగే వరుస కోసం ఆకాశంలో చుట్లు తిప్పుతారు. జనవరిలో అక్కడ తెల్లవారుజామున పొగమంచు పట్టే రోజులు కూడా ఉంటాయి. ఇవన్నీ చూసుకుని కంపెనీలు కొంచెం ఎక్కువే రాసుకుంటాయి. అందుకే చాలాసార్లు లేటుగా బయలుదేరినా టైంకే దిగుతుంది.

విమానం బయలుదేరే టైం అంటే తలుపు మూసే టైం కూడా కాదు. తలుపులు అంతకుముందే మూసేస్తారు. విదేశీ విమానాలకు లగేజీ తీసుకునే కౌంటర్ గంట ముందు మూసేస్తారు, కొన్ని కంపెనీలు ఇంకా ముందే. 10:20 విమానానికి 9:25కి కౌంటర్ దగ్గరికి ఉరికొచ్చి దండం పెట్టినా మా చేతుల్లో ఏమీ ఉండదు. ముసలివాళ్లు అలా నిలబడి ఏడుస్తుంటే చూడటం మాకూ కష్టమే. మూడు గంటల ముందు అంటే 7:20కి టెర్మినల్ ముందు ఉండండి.

నాన్నగారికి మోకాళ్ల నొప్పులు అన్నారు కదా. ఇప్పుడే కంపెనీకి ఫోన్ చేసి వీల్‌చైర్ రాయించండి. దానికి డబ్బులు అక్కర్లేదు. దుబాయ్‌లో నడక చాలా ఉంటుంది. వీల్‌చైర్ తోసే మనిషే ఇమిగ్రేషన్, లగేజీ దగ్గర కూడా తోడుంటాడు, భాష సమస్య సగం తీరిపోతుంది.

ములుగు_రోడ్_చౌరస్తా · ఉదయం 6:40

సారూ, మేము పోయిన ఆగస్టులో పోయాం. అప్పుడు పోవడానికీ రావడానికీ పెద్ద తేడా అనిపించలేదు. వానాకాలంలో గాలి ఉండదా?

పరకాల_లెక్కల_సారు · ఉదయం 7:25

ఉంటుంది, దిక్కు మారుతుంది. ఎండాకాలం చివరికి ఆ పడమటి జెట్ ప్రవాహం హిమాలయాల అవతలికి జరిగిపోతుంది. వానాకాలంలో దక్షిణ భారతం మీద, చాలా ఎత్తున, తూర్పు నుంచి పడమరకు వీచే ఇంకో ప్రవాహం మొదలవుతుంది. దాన్ని తూర్పు జెట్ అంటారు. ఇది మన నైరుతి రుతుపవనాలతో ముడిపడిన గాలి. దీని గురించి 1958లో ప్రపంచానికి వివరంగా చెప్పిన శాస్త్రవేత్త మన తెలుగువాడే, పి. కోటేశ్వరం గారు. తర్వాత భారత వాతావరణ శాఖకు అధిపతిగా కూడా పనిచేశారు. మన పిల్లలకు ఈ పేరు తెలియాలి, పాఠ్యపుస్తకంలో గాలుల పాఠం చెప్పేటప్పుడు నేను ఎప్పుడూ బోర్డు మీద రాసేవాణ్ని.

కాబట్టి జూలై, ఆగస్టుల్లో దుబాయ్ వైపు పోయే విమానానికి ఎదురుగాలి బాగా తగ్గిపోతుంది, ఒక్కోసారి అదే కొద్దిగా సాయపడుతుంది. టైమ్‌టేబుళ్లు కూడా ఏడాదికి రెండుసార్లు, మార్చి చివర్లో ఒకసారి, అక్టోబర్ చివర్లో ఒకసారి మారుతాయి. మీ వాళ్లు మార్చిలో తిరిగొస్తారన్నారు. తేదీ మార్చి ఆఖరి ఆదివారం దాటితే ఒకసారి టైం మళ్లీ చూసుకోండి.

ఢిల్లీకి పోతే ఈ గొడవ పెద్దగా ఉండదు. ఉత్తర దక్షిణాలుగా పోయే విమానానికి ఆ గాలి పక్క నుంచి తగులుతుంది.

బోధన్_సలీం_భాయ్ · ఉదయం 8:10

మాషా అల్లా, మంచి చర్చ. నాదో ప్రశ్న సార్. రంజాన్‌లో సాయంత్రం విమానంలో దుబాయ్ పోతుంటే ఇఫ్తార్ టైం ఎంతకీ రాదు. హైదరాబాద్ టైం అయిపోతుంది, కిటికీలో సూర్యుడు అలాగే ఉంటాడు. మా పెద్దలు చెప్పేది, నువ్వున్న చోటి నుంచి సూర్యుడు మునగాలి, అప్పుడే రోజా విడవాలి అని. లెక్క ప్రకారం ఎంత ఆలస్యం అవుతుంది?

పరకాల_లెక్కల_సారు · ఉదయం 8:36

సలీం భాయ్, చాలా మంచి ప్రశ్న. ఆ దారిలో సాయంకాలపు గీత నేల మీద గంటకు 1,500 కిలోమీటర్లకు పైగా పడమరకు జరుగుతూ ఉంటుంది. విమానం కూడా పడమరకే, అందులో సగానికి కొంచెం తక్కువ వేగంతో పరుగెడుతుంది. అంటే నేల మీద గంటలో మునగాల్సిన సూర్యుడు విమానంలో మీకు గంటా ముప్పావు దాకా కనిపిస్తూనే ఉంటాడు. దానికి తోడు పది కిలోమీటర్ల ఎత్తు నుంచి దిగంతం ఇంకా కిందికి కనిపిస్తుంది కాబట్టి మరికొన్ని నిమిషాలు. తిరుగు ప్రయాణంలో దీనికి ఎదురు, పొద్దు తొందరగా గూకుతుంది.

బోధన్_సలీం_భాయ్ · ఉదయం 8:41

షుక్రియా సార్. ఇకనుంచి రంజాన్‌లో పగటి విమానమే చూసుకుంటాం.

ఘన్‌పూర్_కారు_డ్రైవర్ · ఉదయం 9:05

అందరూ ఆకాశం గురించి చెప్తున్నారు. నేను రోడ్డు గురించి చెప్తా, ఎందుకంటే మన దిక్కు వాళ్ల విమానాలు తప్పేది రోడ్డు మీదే. వరంగల్ నుంచి షంషాబాద్‌కు కారు నడుపుతా, ఇదే నా బతుకు.

హన్మకొండ నుంచి ఎయిర్‌పోర్ట్ 165 నుంచి 170 కిలోమీటర్లు. కాజీపేట, స్టేషన్ ఘన్‌పూర్, జనగామ, ఆలేరు, భువనగిరి, బీబీనగర్. ఉప్పల్ దాకా పోవద్దు. ఘట్‌కేసర్ దగ్గరే అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కాలి, అక్కడి నుంచి పెద్ద అంబర్‌పేట, తుక్కుగూడ మీదుగా షంషాబాద్. రోడ్డు ఖాళీగా ఉంటే మూడు గంటలు. కోమళ్ల దగ్గర ఒక టోల్, గూడూరు దగ్గర ఒక టోల్, ఆపైన అవుటర్ టోల్ వేరే. ఫాస్టాగ్‌లో డబ్బులు ముందురోజే చూసుకోండి.

మూడు గంటలే కదా అని 4:20కి బయలుదేరొద్దు మేడమ్. జనవరిలో తెల్లవారుజామున ఆలేరు, భువనగిరి మధ్యలో మంచు పడితే ముందున్న లారీ కనిపించదు, మెల్లగానే పోవాలి. శనివారం, ఆదివారం అయితే యాదగిరిగుట్ట బండ్లు ఉంటాయి. రెండో వారం అంటే సంక్రాంతి. విజయవాడ పోయే బండ్లన్నీ పెద్ద అంబర్‌పేట దగ్గర అవుటర్ దిగుతాయి, అక్కడ ఆగిపోతాం. మేడారం జాతర జరిగే ఏడాది అయితే ఆ రోజుల్లో వరంగల్ రోడ్డు సంగతి చెప్పనే అక్కర్లేదు. రాత్రి 2:30, లేటంటే 3కి ఇంటి ముందు బండి కదలాలి.

కరీంనగర్ వాళ్లు రాజీవ్ రహదారి మీద వచ్చి శామీర్‌పేట దగ్గర అవుటర్ ఎక్కొచ్చు. నిజామాబాద్ వాళ్లకు మేడ్చల్ దగ్గర. సిటీలోపలికి రావద్దు, ఎవరు చెప్పినా సరే.

కాజీపేట_జంక్షన్ · ఉదయం 9:50

అన్నా, మీ మాట కాదనను. కానీ ముసలివాళ్లను రాత్రి రెండున్నరకు లేపి మంచులో కారెక్కించడం కంటే ముందురోజు సాయంత్రం రైల్లో పోవడం నయం కదా. కాజీపేట నుంచి సికింద్రాబాద్ 132 కిలోమీటర్లు, సుమారు రెండు గంటలు. కాళ్లు చాపుకోవచ్చు, బాత్రూం ఉంటుంది, షుగర్ ఉన్నవాళ్లకు అది ఎంత ముఖ్యమో వాళ్లకే తెలుసు.

బేగంపేటలో ఎయిర్‌పోర్ట్ ఉన్న రోజుల్లో రైలు దిగి ఆటో ఎక్కితే చాలు, విమానం దగ్గరికి పోయేవాళ్లం. 2008 మార్చిలో షంషాబాద్‌కు మారాక మన వరంగల్ వాళ్లకు నగరం అవతలి ఒడ్డుకు పోయినట్టయింది. మెట్రో ఇంకా అక్కడిదాకా లేదు. సికింద్రాబాద్ నుంచి ఆర్టీసీ పుష్పక్ బస్సు లేదా క్యాబ్ పట్టుకోవాలి.

ఘన్‌పూర్_కారు_డ్రైవర్ · ఉదయం 10:15

రైలు ముందురోజు అయితే సరే తమ్మీ, ఒప్పుకుంటా. అదే రోజు రైలు నమ్ముకుని పోవడం మాత్రం వద్దు. రెండు మూడు పెద్ద పెట్టెలు, మోకాళ్ల నొప్పులు, సికింద్రాబాద్ ప్లాట్‌ఫారం మెట్లు. ఒక్క గంట రైలు ఆగితే మొత్తం పోతుంది. కారు అయితే ఇంటి గుమ్మం నుంచి టెర్మినల్ గుమ్మం దాకా దించుతాం.

నయీంనగర్_చిన్నది · ఉదయం 10:40

మా బాబాయి వాళ్ల ఇల్లు ఘట్‌కేసర్‌లోనే ఉంది! ఈ మాట చదివేదాకా నాకు తట్టలేదు. ముందురోజు మధ్యాహ్నం భోజనం చేసి కారులో బాబాయి ఇంటికి పోయి పడుకుంటే, పొద్దున్నే అవుటర్ ఎక్కడమే. అమ్మకు నిద్ర కూడా ఉంటుంది.

ఘన్‌పూర్_కారు_డ్రైవర్ · ఉదయం 10:48

ఇంతకంటే మంచి ఉపాయం లేదు మేడమ్. ఘట్‌కేసర్ నుంచి ఎయిర్‌పోర్ట్ గంట లోపే. అయినా 5:45కు కదలండి.

మామునూరు_మన_హక్కు · మధ్యాహ్నం 12:30

ఈ చర్చ మొత్తంలో నాకు బాధ కలిగించే లెక్క ఒకటుంది. 2,550 కిలోమీటర్లు నాలుగు గంటల్లో పోతాం. దానికి ముందున్న 170 కిలోమీటర్ల కోసం ముందురోజే బయలుదేరాలి. నిజాం కాలంలో, 1930లోనే మన మామునూరులో విమానాశ్రయం కట్టారు. 1981 దాకా అక్కడ విమానాలు దిగాయి. ఆ తర్వాత గడ్డి మొలిచింది. షంషాబాద్ కట్టేటప్పుడు 150 కిలోమీటర్ల లోపల ఇంకో ఎయిర్‌పోర్ట్ రాకూడదని ఒప్పందం రాసుకున్నారు, అది మన కాళ్లకు బంధమైంది. చివరికి 2025 ఫిబ్రవరి 28న కేంద్రం అనుమతి ఇచ్చింది. పాత స్థలం సుమారు 700 ఎకరాలకు ఇంకో 250 ఎకరాల పైచిలుకు కలపాలి. భూమి ఇచ్చే రైతులకు న్యాయమైన ధర ఇచ్చి, పని ఆగకుండా చేయాలి. ఉమ్మడి వరంగల్, కరీంనగర్, ఖమ్మం జిల్లాల నుంచి గల్ఫ్‌కూ అమెరికాకూ పోయేవాళ్లు ఎంతమంది ఉన్నారో ప్రతి ఊరికీ తెలుసు.

షంషాబాద్_డ్యూటీ · మధ్యాహ్నం 1:05

అన్నా, నాదీ వరంగల్ జిల్లానే, మామునూరు రావాలనే నా కోరిక కూడా. కానీ ఒక్కటి గుర్తుంచుకోవాలి. మామునూరు నుంచి దుబాయ్‌కు నేరుగా పోవాలంటే ఇమిగ్రేషన్, కస్టమ్స్ అన్నీ అక్కడే ఉండాలి. మొదట్లో వచ్చేవి దేశంలోపలి విమానాలే ఉంటాయి. మామునూరు నుంచి షంషాబాద్‌కు విమానం వేసినా గాలిలో ఉండేది ఇరవై నిమిషాల చిల్లరే, ముందు వెనుక కలిపితే కారు టైమే అవుతుంది. మనకు లాభం ఎక్కడంటే ఢిల్లీ, ముంబై, బెంగళూరు నేరుగా పోవడంలో. ముంబైలో మారి దుబాయ్ పోవచ్చు. ముంబై నుంచి దుబాయ్ 1,930 కిలోమీటర్లే.

జగిత్యాల_గల్ఫన్న · మధ్యాహ్నం 2:20

ముంబై మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. మా నాన్న తరం అంతా బొంబాయి మీదుగానే పోయింది. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి నుంచి బస్సెక్కి రాత్రంతా కూర్చుని బొంబాయిలో దిగి, ఏజెంట్ చెప్పిన గదిలో రోజుల తరబడి ఎదురుచూసి, అప్పుడు విమానం. వాళ్లకు దుబాయ్ ఎంత దూరం అని అడిగితే గంటల్లో చెప్పేవాళ్లు కాదు. ఇప్పుడు షంషాబాద్ నుంచి నేరుగా ఉంది, అదే పెద్ద సుఖం.

నా మిత్రుడొకడు అడిగాడు, పాకిస్తాన్ ఆకాశం మూసేశారు కదా, మన విమానాలు చుట్టు తిరిగి పోతున్నాయా అని. 2025 ఏప్రిల్ నుంచి మన దేశపు విమానాలకు అది మూత పడింది. ఢిల్లీ, అమృత్‌సర్ నుంచి గల్ఫ్ పోయేవాటికి దాని దెబ్బ బాగా తగిలింది, గుజరాత్ వైపు దిగి సముద్రం మీదుగా తిరిగి పోతున్నాయి. హైదరాబాద్ నుంచి మామూలుగానే సముద్రం మీద దారి కాబట్టి మనకు పెద్ద తేడా లేదు.

హైదరాబాద్ నుంచి మిగతా గల్ఫ్ ఊళ్ల గీత దూరాలు కూడా రాస్తున్నా, ఎవరికైనా పనికొస్తాయి. మస్కట్ 2,200 దాకా, అదే అన్నిటికంటే దగ్గర. దోహా 2,900. కువైట్, రియాద్ రెండూ 3,400కు అటుఇటుగా. జెద్దా 4,100 దాటుతుంది, హజ్, ఉమ్రా పోయేవాళ్లకు చలికాలంలో పోయేటప్పుడు ఆరు గంటల దగ్గర పడుతుంది.

చెల్లె, అక్క కాన్పు కోసం అమ్మ పోతోంది కాబట్టి వంట సామాను సర్దుతుంది. నా మాట గట్టిగా విను: గసగసాలు ఒక్క గింజ కూడా పెట్టనీయొద్దు. యూఏఈలో అవి నిషేధం, మత్తుమందు కింద లెక్క, జైలుకు పోయినవాళ్లు ఉన్నారు. గసాలు కలిపిన మసాలా పొడి కూడా వద్దు. ఎండు కొబ్బరి విమానంలోకి రానివ్వరు. పచ్చళ్లు, నెయ్యి గట్టిగా సీల్ చేసి పెద్ద పెట్టెలో వేయండి, చేతి సంచిలో పెడితే సెక్యూరిటీ దగ్గర తీసేస్తారు. అమ్మ షుగర్ మందులు మాత్రం చేతి సంచిలోనే, డాక్టర్ చీటీతో సహా.

నయీంనగర్_చిన్నది · మధ్యాహ్నం 3:00

అన్నా, నువ్వు చెప్పకపోతే ఏమయ్యేదో! అమ్మ అప్పటికే గసాలు వేయించి పొడి కొట్టి డబ్బాలో పోసింది. డబ్బా తీసి వంటింట్లో పెట్టేశాను.

అందరూ చెప్పినవి కలిపి నాన్న, నేను ఒక కాగితం మీద రాసుకున్నాం. ముందురోజు మధ్యాహ్నం ఘట్‌కేసర్. మర్నాడు పొద్దున 5:45కు బాబాయి ఇంటి నుంచి. 7:20 లోపల టెర్మినల్. 10:20కి విమానం. మన గడియారం 2:25కు దుబాయ్. బయటికి వచ్చి అక్క ఇల్లు చేరేసరికి మన టైం నాలుగున్నర. అంటే ఘట్‌కేసర్ నుంచి లెక్కపెట్టినా దాదాపు పదకొండు గంటలు, అందులో గాలిలో ఉండేది మూడున్నర గంటలే. నాన్న దీన్ని చూసి, సారు చెప్పిన భాగహారం కూడా తానే మళ్లీ చేసుకుని తృప్తిపడ్డాడు. ఇప్పుడు గడియారం చేతికి పెట్టుకుని పోవాలా, దిగగానే మార్చుకోవాలా అని అడుగుతున్నాడు. అమ్మ మాత్రలు ఏ టైం ప్రకారం వేసుకోవాలి?

పరకాల_లెక్కల_సారు · మధ్యాహ్నం 3:22

ఆయన గడియారం దుబాయ్‌లో దిగాక గంటన్నర వెనక్కి తిప్పమనండి. విమానంలో ఉన్నంతసేపూ మన టైమే ఉంచుకుంటే ఎంతసేపు ప్రయాణం చేశారో స్పష్టంగా తెలుస్తుంది. మాత్రల సంగతి మాత్రం లెక్కల మాస్టారును అడక్కండి అమ్మా, మీ డాక్టరునే అడగండి. ముఖ్యంగా ఇన్సులిన్ వాడుతుంటే భోజనం టైం ఎలా మారుతుందో ఆయనకు ఈ టికెట్ టైములు చూపించండి.

ఘన్‌పూర్_కారు_డ్రైవర్ · మధ్యాహ్నం 3:40

మేడమ్, మార్చిలో తిరిగొచ్చేటప్పటి గురించి ఒక్క మాట. విమానం రాత్రి 2:35కు దిగుతుంది. ఇమిగ్రేషన్, లగేజీ అయి బయటికి వచ్చేసరికి మూడున్నర, నాలుగు. మీవాళ్లలో ఎవరో ఒకరు సొంత కారు వేసుకుని, పగలంతా పని చేసి, రాత్రి వచ్చి వాళ్లను తీసుకుని వెంటనే తిరిగి బయలుదేరతారు. నాలుగు నుంచి ఆరు మధ్యలో నిద్ర ఎంత మొండి మనిషినైనా పడేస్తుంది. ఎయిర్‌పోర్ట్ నుంచి ఇంటికి వస్తూ ఊరి దగ్గర్లోకి వచ్చాక ప్రమాదాలు జరిగిన కుటుంబాలు నాకు తెలుసు. దయచేసి తెల్లారేదాకా లోపలే టీ తాగి కూర్చోండి, లేదా ఘట్‌కేసర్‌లో పడుకుని ఎండ వచ్చాక రండి. డ్రైవర్‌ను పెట్టుకున్నా సరే, అతను పగలు పడుకున్నాడా లేదా అడిగి పెట్టుకోండి.

నయీంనగర్_చిన్నది · మధ్యాహ్నం 3:58

తప్పకుండా అన్నా. బాబాయికి ఇప్పుడే ఫోన్ చేసి రెండు రాత్రులూ చెప్పేశాను, పోయేటప్పటిదీ వచ్చేటప్పటిదీ. వీల్‌చైర్ కూడా రాయించాను, ఇద్దరికీ పక్కపక్క సీట్లు, అమ్మకు కుడివైపు కిటికీ.